నాలుగో భుజం

బావకి,

ఇక్కడ మేమంతా బాగున్నామని ముందు రాయడం ఉత్తరానికి మర్యాద. ఆ మర్యాద తీర్చేశాననుకో. నువ్వక్కడ వేళకి తింటున్నావనీ, సెంట్రింగ్ చెక్కల మీద ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తున్నావనీ అనుకుంటూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. కొండ దిగువన టీకొట్టు ఆయన దాన్ని బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంచాడు. మడత విప్పగానే తియ్యటి వాసన వస్తే, మా బావకి ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చి కాగితానికి సెంటు పూశాడని మురిసిపోయాను. అంతలో లోపలినుంచి ఒక చీమ బయటికి నడిచింది. సరేలే, నీకంత సరసం ఎక్కడిదని సర్దుకున్నాను.

"టీకొట్టు దాకా దిగినప్పుడు ఫోన్ చేయొచ్చు కదా, ఈ ఉత్తరాలేంటి" అని కోప్పడ్డావు. చేయొచ్చు. కానీ అక్కడ ఫోన్ చెవిన పెట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు టీ తాగడం ఆపి మరీ వింటారు. ఆయనైతే చప్పుడుకి మాట వినబడదని స్టవ్వు మంట కూడా తగ్గిస్తాడు. పైగా ఇప్పుడు నేను రాయబోయేది నోటితో చెప్పగలిగేది కాదు. చెప్పబోయి మధ్యలో ఆగిపోతే నువ్వక్కడ హలో హలో అని అరుస్తూ ఉంటావు. కాగితం మీదైతే ఎంతసేపు ఆగినా ఎవరికీ తెలియదు.

నువ్వడిగినవన్నీ వరసగా చెబుతాను. ఒక్కదానికి మాత్రం కాస్త ఆలస్యంగా జవాబు చెబుతాను. కాగితం తిరగేసి కింద ఏముందో ముందే చూసే అలవాటు నీకుంది. ఈసారికి ఆ పని చేయకు బావా, నా మీద ఒట్టు.

రేకుల గురించి అడిగావు. నేనే పైకెక్కి, చిల్లులున్న చోట తారు పూసి గోనెసంచి అతికించాను. మీ అమ్మ కింద నిలబడి, "అటు కాదు ఇటు, ఇటు కాదు అటు" అని మేస్త్రీగిరీ చేసింది. మొన్న వాన పడితే పొయ్యి దగ్గర కారడం ఆగింది, మేక దగ్గర మొదలైంది. మేక తెలివైనది, వచ్చి నా పక్కన పడుకుంది.

కుళాయి వచ్చిందటగా అని రాశావు. వచ్చింది. బడి ముందు సిమెంటు దిమ్మె కట్టి, దానికి మెరిసే కుళాయి బిగించి, పక్కన నిలబడి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. గొట్టం మాత్రం దిగువన చెరకు తోట దగ్గరే ఆగిపోయింది. పిల్లలు రోజూ దాన్ని తిప్పి, చెవి పెట్టి విని వస్తారు. నీళ్ళు ఎప్పటిలాగే ఊటగుంట నుంచి మోసుకొస్తున్నాం. బడి కూడా మూసేశారు. పంతులుకి దిగువ ఊళ్ళో పోస్టింగ్ వేశారు, ఇక్కడి పిల్లల్ని అక్కడికి దిగి రమ్మన్నారు. పెద్దవాళ్ళకే మోకాళ్ళు వణికే దారి అది. పిల్లలు మేకల వెంట పడ్డారు.

రోడ్డు సంగతి మాత్రం నన్ను అడగకు. కొలతలు వేసేవాళ్ళు మళ్ళీ వచ్చారు, రాళ్ళకి ఎర్రరంగు పూసి వెళ్ళారు. ఇప్పటికి ఎన్ని రంగులు పూశారో, రాళ్ళు మాత్రం ముచ్చటగా ఉన్నాయి.

ఇక అమ్మ ఎలా ఉంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళావా లేదా అని మూడు చోట్ల అడిగావు. మొదటిసారి ప్రేమగా, రెండోసారి విసుగ్గా, మూడోసారి నేనేదో ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుగా. నీ కోపం నాకు అర్థమైంది. ఆమె నీకు తల్లి అయితే నాకు మేనత్త. మా అమ్మ పోయినప్పటి నుంచీ తన పైట కొంగు పట్టుకుని పెరిగినదాన్ని. తిట్టినప్పుడు మీ అమ్మ అంటాను, ముద్దు చేసినప్పుడు మా అత్త అంటాను, అది మా ఇద్దరి లెక్క. నువ్వు మధ్యలో రాకు.

అత్త కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు, గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంది. దిగువకి టీకాల కోసం వచ్చిన నర్సమ్మకి నేను వెళ్ళి ఇదంతా చెబితే, "గుండెకి నీరు పట్టినట్టుంది, పట్నంలో పెద్దాసుపత్రిలో చూపించాలి, ఆలస్యం చేస్తే కష్టం" అంది. మనిషిని చూడకుండానే ఆ మాట చెప్పిందంటే ఎంత తేలిగ్గా తెలిసిపోయే జబ్బో చూడు. అత్త నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొండ దిగాలంటే మంచం మీద మోసుకుపోవడమే దారి.

మంచం మోత గురించి నీకు నేను చెప్పాలా అంటావు. నీ భుజం మీద కాయ కాసిందే దాంతో. కానీ నువ్వున్నప్పటి మోత వేరు, ఇప్పటి మోత వేరు. అప్పుడు ఎవరికైనా జబ్బు చేసి మోత వంతులు చూసే తాత కంచం మోగిస్తే ఇంటికొక మగాడు పరుగెత్తుకొచ్చేవాడు. రెండు పొడుగు కర్రలకి మంచాన్ని తాళ్ళతో వేలాడదీసి నలుగురు భుజానికెత్తుకునేవాళ్ళు. ఇంకో నలుగురు ఖాళీగా వెనక నడుస్తూ మలుపు మలుపుకీ భుజం మార్చేవాళ్ళు. ఇప్పుడు కంచం మోగితే కుక్కలు వస్తాయి. నీలాగే అందరూ పట్నంలో స్లాబుల కింద ఉన్నారు. పొలాలు రెండేళ్ళుగా గింజ ఇవ్వకపోతే మగాళ్ళు మాత్రం ఏం చేస్తారు. వెళ్ళినవాళ్ళని నేను తప్పుబట్టడం లేదు.

కానీ రివాజు మాత్రం అలాగే ఉంది. మోతకి భుజం పంపని ఇంటివాళ్ళు జబ్బున పడితే, ఆ ఇంటి మంచం లేవదు. నువ్వెళ్ళాక రెండు మోతలు జరిగాయి. రెండింటికీ మన ఇంటినుంచి ఎవరూ వెళ్ళలేదు. తాత ఒకరోజు మన గుమ్మం ముందు కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. నీళ్ళ కోసం రాలేదని నాకు తెలుసు.

"అమ్మాయ్, మీ ఇంటి భుజం రెండుసార్లు రాలేదు" అన్నాడు.

"మా ఇంటి భుజం పట్నంలో స్లాబులు మోస్తోంది తాతా."

"అక్కడ మోసింది ఇక్కడ లెక్కకి రాదమ్మా. నేనేమీ అనను. నేను అనకపోయినా ఊరు గుర్తుపెట్టుకుంటుంది. మీ అత్త సంగతి చూస్తూనే ఉన్నాను కదా. మూడోసారి కూడా రాకపోతే నేను కంచం కొట్టినా ఎవరూ లేవరు."

ఆయన్ని తిట్టుకోకు. ఆయన గట్టిగా లేకపోతే ఈపాటికి ఎవరూ ఎవరినీ మోసేవాళ్ళు కాదు. ఆ ముసలాయన మాట మీదే ఊరు ఇంకా కొండ మీద నిలబడి ఉంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా మొహం వైపు కూడా చూడలేకపోయాడు.

తర్వాత కొద్ది రోజులకే కంచం మోగింది. పడింది ఎవరో తెలుసా, మంత్రసాని అవ్వ. అటక మీద ఏదో తీయబోయి నిచ్చెన జారి, తుంటి విరగ్గొట్టుకుంది. నిన్నూ నన్నూ ఇద్దరినీ ఈ లోకంలోకి లాగిన చేతులు ఆమెవి. నేను పొయ్యి మీద జావ దించి, కట్టెలకి వెళ్ళొస్తానని అత్తకి చెప్పి పరుగెత్తాను.

వెళ్ళి చూస్తే మంచం దగ్గర తాత, వడ్రంగి చిన్నాన్న, దర్జీ అక్క ఉన్నారు, అంతే. దర్జీ అన్న పట్నం పోయినప్పటినుంచీ ఆ ఇంటి భుజం అక్కదే. మొదట్లో ఆడది మోయడమేమిటని మూతులు తిప్పినవాళ్ళు కూడా ఇప్పుడు తిప్పడం మానేశారు. మంచం మీద అవ్వ కళ్ళు మూసుకుని మూలుగుతోంది. ముగ్గురూ దారి వైపు చూస్తున్నారు, ఇంకెవరైనా వస్తారేమోనని.

"నాలుగో భుజం లేదు" అన్నాడు చిన్నాన్న.

"నేనున్నాను" అన్నాను.

దిగేటప్పుడు పొడుగువాళ్ళు ముందు, పొట్టివాళ్ళు వెనక ఉండాలి కదా. తాత, చిన్నాన్న ముందుకి వెళ్ళారు. నేనూ అక్కా వెనక. నా ఎత్తు చాలక కర్ర ఒకవైపు వాలుతుంటే నీ పాత తువ్వాలు మడతలు పెట్టి భుజానికి కట్టుకున్నాను. అప్పుడు సరిపోయింది.

ఇక్కడిదాకా చదివి నువ్వు ఆగిపోయి ఉంటావు. నీ ఉత్తరంలో నేను జవాబు చెప్పకుండా దాటేసిన ప్రశ్న ఇదే. "కడుపులో బిడ్డ కదులుతోందా? బరువులు ఎత్తకు" అని రాసి, ఎత్తకు కింద రెండు గీతలు గీశావు. కాగితం చిరిగేంత గట్టిగా గీశావు. అవును బావా, ఎత్తాను. నాకు ఐదో నెల.

చెబితే వద్దనేవాళ్ళు కదా అంటావు. వద్దనేవాళ్ళే. కడుపుతో ఉన్నదాని మీద కర్ర పెట్టేంత పాపిష్ఠివాళ్ళు కారు ఎవరూ. కానీ అప్పుడు మంచం లేచేది కాదు. అవ్వ అక్కడే మూలుగుతూ ఉండేది. నేను వెనక్కి వచ్చి మన ఇంట్లో, గోడకి ఆనుకుని ఊపిరి కోసం తన్నుకునే అత్త ముందు కూర్చునేదాన్ని. అందుకే నోరు మూసుకున్నాను. ఈ సంగతి అప్పటికి నీకు, అత్తకి తప్ప ఎవరికీ తెలియదు. బట్టలు వదులుగా కట్టుకునేదాన్ని, నేనసలే బక్కదాన్ని.

మొదట బాగానే నడిచాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. దర్జీ అక్క జోకులేస్తూనే ఉంది. "మీ బావ చూస్తే నిన్ను కూలికి రాసుకుంటాడే" అంది. వాగు దాటాక ఏటవాలు మలుపు ఉంటుంది చూడు, వర్షానికి అక్కడి మట్టి కొట్టుకుపోయింది. చిన్నాన్న కాలు జారింది. మంచం ఊగింది. పడిపోతానేమోనన్న భయంతో అవ్వ చెయ్యి చాచి, దొరికింది పట్టుకుంది. ఆమె తల నా నడుము పక్కనే ఉంది కదా, ఆమె చేతికి దొరికింది నా పొట్ట.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. మూలుగు కూడా ఆగిపోయింది. ఆమె కళ్ళు తెరిచి కిందినుంచి నా మొహంలోకి చూసింది.

"దించండి" అంది.

"నొప్పిగా ఉందా అవ్వా, ఇంకాస్త ఓర్చుకో" అన్నాడు తాత వెనక్కి తిరగకుండానే.

"నా నొప్పి తగలెట్ట. దించండ్రా నన్ను!"

దించారు. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, గుసగుసగా అడిగింది. "ఎన్నో నెల?"

"ఐదు."

"మీ అత్తకి తెలుసా?"

"ఇది తెలుసు. నేనిక్కడున్నట్టు తెలియదు. అవ్వా, నీకు దండం పెడతాను, వాళ్ళకి చెప్పకు. అత్త మంచం లేవాలి."

అవ్వ చుట్టూ చూసింది. పైకి పోదామంటే సగం కొండ. కిందికి పోదామంటే సగం కొండ. అటు చూస్తే మబ్బులు. ఆ ముగ్గురూ నడుములు పట్టుకుని రొప్పుతున్నారు. ఆమె చేతుల మీదుగా పుట్టనివాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు చెప్పు, అలాంటి మనిషికి ఆ క్షణం ఏం చేయాలో తోచలేదు. "ఎత్తండి" అని మొహం అటు తిప్పుకుంది. దిగువ చేరేదాకా ఏడుస్తూనే ఉంది. తుంటి నొప్పికి ఏడుస్తోందని వాళ్ళనుకున్నారు.

కింద ఆరోగ్య కేంద్రానికి తాళం. డాక్టరు వారానికోసారి వస్తాడట, ఏ వారమో ఎవరికీ తెలియదు. ఇసుక దింపి వెళ్తున్న ఆటోని బతిమాలి అవ్వని అందులో ఎక్కించి, పట్నంలో ఆమె కూతురి దగ్గరికి పంపాం. ఎక్కేముందు నా చెవిలో, "ఇంటికెళ్ళి గోడకి కాళ్ళెత్తి పడుకో. వారం దాకా లేవకు. నీళ్ళకి పోకు" అంది. సరే అవ్వా అన్నాను. మంచాన్ని మళ్ళీ పైకి మోసుకురావాలని ఆమెకి గుర్తులేదు పాపం. ఊరికి ఉన్న మోత మంచం అదొక్కటే కదా. ఆమె మళ్ళీ కొండ ఎక్కలేదు. ఇక ఎక్కడం ఆమె వల్ల కాదట. ఇప్పుడు మన ఊళ్ళో పురుడు పోసేవాళ్ళు కూడా లేరు.

ఒక్క రోజు పడుకున్నాను. కడుపులో నొప్పి అని అత్తకి చెబితే మిరియాల కషాయం కాచి ఇచ్చింది. మర్నాడు కుండలో నీళ్ళు లేవు. అత్తని పంపలేను కదా.

ఊటగుంట దగ్గర ఒంగినప్పుడు నడుం పట్టేసింది. ఎలాగో ఇల్లు చేరాను. మధ్యాహ్నానికి అయిపోయింది.

బావా, ఇక్కడ నేను చాలాసేపు ఆగాను.

ఆడపిల్ల. అత్త చూసింది, నేను చూడలేదు. చూపించనా అని అడిగింది, వద్దన్నాను. ఇప్పుడు చూసి ఉంటే బాగుండేదనిపిస్తోంది. నాకు రక్తం ఆగకపోతే అత్త తలుపు పట్టుకుని నిలబడి, ఊపిరి ఎగబీలుస్తూ, "తాతకి చెప్పి కంచం కొట్టిస్తాను" అంది. వద్దన్నాను. "ఉన్నదే ముగ్గురు. మొన్ననే మోశారు. ఇప్పుడు నా కోసం లేస్తే మళ్ళీ నీ కోసం లేవరత్తా" అన్నాను. అలా నోరు జారాను. మోత సంగతి అప్పుడు తెలిసింది ఆమెకి. నా భుజం మీది బట్ట లాగి చూసింది. కమిలిన చోటు చూసి నా చెంప మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక అత్త నన్ను కొట్టడం అదే మొదలు. ఆ వెంటనే నా తల ఒళ్ళో పెట్టుకుని, "నా కోసమా? ఈ ముసలి ముండ కోసమా?" అంటూ ఆయాసంతో ఏడవలేక ఏడ్చింది. ఏడ్వడానికి కూడా ఊపిరి కావాలని నాకప్పుడే తెలిసింది.

పిల్లని ఇంటి వెనక తనే మట్టిలో పెట్టింది. నేను లేవలేను. రెండు సార్లు గడ్డపార దించి కూర్చునేది, మళ్ళీ లేచేది. ఆ చప్పుడు వింటూ లోపల పడుకున్నాను. నీ మీద చాలా కోపం వచ్చింది బావా. నువ్వు లేకపోవడం నీ తప్పు కాదని తెలిసీ వచ్చింది. ఆ గడ్డపార నువ్వు పట్టుకోవలసింది.

తప్పయిపోయింది క్షమించమని రాస్తాననుకుంటున్నావేమో. రాయను. నేను ఎత్తకపోతే తప్పు, ఎత్తితే తప్పు. ఏది చేసినా తప్పే అయ్యే చోట మనల్ని వదిలేసి, రాళ్ళకి రంగులు పూసి పోయినవాళ్ళు క్షమాపణ అడగనీ ముందు. నాకు బాధ ఉంది. ఒళ్ళంతా ఉంది. సిగ్గు మాత్రం లేదు.

ఆ తవ్వడంతో అత్తకి బాగా ఎక్కువైంది. పెదాలు నీలంగా మారాయి, మాట రెండు ముక్కలుగా వచ్చేది. నాకు నిలబడే ఓపిక రాగానే తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన వెంటనే కంచం తీశాడు. మన ఇంటి వంతు నిలిచింది బావా. పొద్దున్నే ముగ్గురూ మంచం పట్టుకుని మన గుమ్మం ముందుకి వచ్చారు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. పోయింది పోయినా, అది ఊరికే పోలేదనుకున్నాను.

అత్తని దుప్పట్లో కూర్చోబెట్టి మంచం ఎక్కించాం. వీపు వెనక మూట పెట్టాం. వెళ్ళొస్తానని మేకకి కూడా చెప్పింది. అప్పుడు నేను తువ్వాలు మడత పెట్టి భుజానికి కట్టుకుంటుంటే అత్త చూసింది.

"నువ్వెందుకు కడుతున్నావు?"

"నాలుగో మనిషిని నేనే కదత్తా."

అత్త కాళ్ళు కిందికి దించింది. ఎవరూ పట్టుకునేలోపు మంచం దిగి నేల మీద కూర్చుంది.

"దీని భుజం మీద నేను పోను."

"మొండితనం చేయకు వదినా, మళ్ళీ వాన వస్తుంది" అన్నాడు చిన్నాన్న.

"అవ్వని మోసి నా మనవరాల్ని పోగొట్టుకుంది. పచ్చి ఒళ్ళు. ఇంకా రక్తం ఆగలేదు దానికి. దీన్ని కూడా నాకు బలి పెడతారా? పోండి. అందరూ పోండి."

అలా ఊరికి తెలిసింది. దర్జీ అక్క కర్ర వదిలేసి నన్ను పట్టుకుంది. వేసిన జోకు గుర్తొచ్చిందేమో, నా భుజం మీది తువ్వాలు లాగేసింది. తాత అక్కడే, మట్టిలోనే కూలబడ్డాడు. "చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నాడు.

"చెబితే ఎవరు మోసేవాళ్ళు తాతా?"

ఆయన తల ఎత్తాడు. చుట్టూ ఉన్న ఇళ్ళ వైపు చూశాడు. అన్నింటికీ తలుపులున్నాయి, గుమ్మాల్లో మనుషులు కూడా ఉన్నారు. ఒక ఇంటి ముందు చంటిపిల్లని ఎత్తుకున్న బాలింత, ఇంకో ఇంటి ముందు చూపు లేని ముసలాయన. ముగ్గురూ మంచం తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజునుంచీ అత్తని ఎంత బతిమాలినా ఒకటే మాట. తిట్టాను, అలిగాను, అన్నం మానేశాను. తను కూడా మానేసింది, దాంతో నేనే ఓడిపోయాను. నువ్వు వచ్చి కర్ర పట్టుకుంటే మాత్రం ఎక్కుతానంది. ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాను. ఇప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని, నేను ఏం రాస్తున్నానో చూస్తోంది. చదువు రాదు కాబట్టి, "అందరం బాగున్నామని రాశావా" అని అడుగుతోంది. రాశానని చెప్పాను.

కాన్పు నెలకి ఊరు వెళ్ళాలని ముందే చెప్పి మేస్త్రీని ఒప్పించానని రాశావు చూడు, ఆ సెలవు ఇప్పుడే అడుగు. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయని కబురొచ్చిందని చెప్పు. బిడ్డ పోయిందని మాత్రం చెప్పకు. పోయాక ఇక వెళ్ళి ఏం చేస్తావంటాడు. అమ్మకి బాగాలేదన్నా వినడు, అక్కడ పనిచేసే అందరి అమ్మలకీ బాగానే లేదు. నీ తోటివాళ్ళు నవ్వుతూ వీపు మీద చరిచి మిఠాయి తెమ్మంటారు. తెస్తానని చెప్పు. వాళ్ళ ముందు కంటతడి పెట్టుకోకు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక నీ ఇష్టం.

దర్జీ అక్క రేపు బియ్యానికి దిగుతుంది, ఈ ఉత్తరం తనకి ఇస్తాను. టీకొట్టు దగ్గర పోస్టు సంచీ ఎప్పుడు ఎత్తుతారో, నీకెప్పుడు చేరుతుందో తెలియదు. నువ్వొచ్చేసరికి అత్త మంచం మీద కూర్చుని కొండ దిగుతుందో, పడుకుని ఊరి బయటికి పోతుందో కూడా తెలియదు. తను పోయాక కూడా నేను భుజం పెట్టకూడదని తాత చేత ఒట్టు వేయించుకుంది. ఎటు మోయాలన్నా ముగ్గురే ఉన్నారు. బయలుదేరు బావా.

ఇట్లు,
అత్త దగ్గర కూర్చుని ఉన్న
నీ మరదలు